కొంగున ముడి వేసిన గుడ్డు

ప్రశ్న: నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. వయసు 38. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని కథలు రాస్తుంటాను. నాలుగేళ్ల క్రితం రెండు కథలు ఆదివారం అనుబంధాల్లో వచ్చాయి. తర్వాత పంపిన మూడింటికి జవాబే రాలేదు. మా బడిలో తోటి ఉపాధ్యాయులు ఒకరు నా కథ చదివి, “ఇవి మనం రోజూ మాట్లాడుకునే మాటలే కదా మేడం, ఇందులో సాహిత్యం ఎక్కడుంది?” అన్నారు. అప్పటినుంచి భాష మీద ఎక్కువ శ్రద్ధ పెడుతున్నాను. అయినా రాత్రి రాసింది పొద్దున చదివితే సిగ్గేస్తోంది. మంచి కథలు చదివితే సంతోషానికి బదులు దిగులు పుడుతోంది. మావారు ఏది చూపించినా బాగుందంటారు. పోయిన నెల మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ గురించి పన్నెండు పేజీల కథ రాసి, నచ్చక చింపేశాను. మొదటి పేజీ ఒక్కటి ఏదో పుస్తకంలో మిగిలిపోయింది. దాన్ని జతచేస్తున్నాను. నాకు రాసే అర్హత ఉందా? ఉంటే ఈ అనుమానం ఎందుకు పోదు? లేకపోతే ఆ మాట ఎవరైనా సూటిగా చెబితే మానేస్తాను.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం పక్కన పెట్టి ముందు మీ పేజీ చదివాను. ఉత్తరం చదివితే మీ దిగులు నాకూ అంటుకుంటుందనీ, అప్పుడు పేజీని మీ కళ్లతోనే చూస్తాననీ భయపడ్డాను. కాబట్టి నేనూ పేజీతోనే మొదలుపెడతాను. అర్హత మాట తర్వాత చూద్దాం.

ఈ జవాబు చదివేవారి కోసం ఆ పేజీలోని మొదటి పేరాను ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

“గంట ఇంకా కొట్టలేదు. ఒకటో తరగతి పిల్లలు అప్పుడే కంచాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వంటమ్మ గుడ్లు లెక్కపెడుతోంది. నలభై రెండు. పిల్లలు నలభై ఒక్కరు. ఒక గుడ్డు తీసి కొంగున ముడి వేసుకుంది. ఆమె కనుకొలకులలో అనాది శోకసాగరం అలలై ఎగసిపడింది. మాతృహృదయపు లోతులను కొలవగల కొలబద్ద ఈ లోకంలో ఏదీ?”

మొదటి ఆరు వాక్యాలను నేను మూడుసార్లు చదివాను. వాటిలో వర్ణన లేదు, పోలిక లేదు. ఆకలి అన్న మాట కూడా లేదు. గంట కొట్టకముందే కంచాలు ఒళ్లోకి వచ్చాయి కాబట్టి ఆకలి సంగతి నాకు తెలిసిపోయింది. తర్వాత ఒక తీసివేత లెక్క ఇచ్చారు. నలభై రెండులోంచి నలభై ఒకటి పోతే ఎంతో మీరు చెప్పలేదు, నా చేత చేయించారు. ఒకటి మిగిలిందని నాకు తట్టేలోపే ఆ ఒక్క గుడ్డూ కొంగు ముడిలోకి వెళ్లిపోయింది. అక్కడ నేను ఆగిపోయాను. ఆ రోజు బడికి రాని పిల్లవాడి కోసమా? ఇంట్లో మనవడి కోసమా? పొద్దుటినుంచి ఏమీ తినని తన కోసమేనా? గుడ్లకు లెక్క రాసే టీచరు ఇది చూసిందా? చూస్తే ఏం చేస్తుంది? ఆరు చిన్న వాక్యాలతో ఇన్ని ప్రశ్నలు నాలో రేపారు.

ఏడో వాక్యంలో సముద్రం వచ్చింది.

మీ మనసు నొప్పించడానికి ఈ మాట అనడం లేదు. మొదటి ఆరు వాక్యాలు రాసిన చెయ్యి, చివరి రెండు వాక్యాలు రాసిన చెయ్యి ఒకటి కాదు. మొదటిది వంటగది గుమ్మం దగ్గర నిలబడి చూసిన మనిషి చెయ్యి. రెండోదాన్ని మీ చేత రాయించింది మీ తోటి ఉపాధ్యాయుడి మాట. ‘ఇందులో సాహిత్యం ఎక్కడుంది’ అని ఆయన అడిగారు. ‘ఇదిగో ఇక్కడుంది’ అని మీరు శోకసాగరాన్ని తెచ్చి చూపించారు. గుడ్డు చాలదేమోనన్న భయం ఆ రెండు వాక్యాల్లోనూ కనిపిస్తోంది. కథకు అవి అవసరమై రాలేదు, ఆయన ప్రశ్నకు జవాబుగా వచ్చాయి.

ఆత్మసందేహం మనిషిని రాయనివ్వదని అందరూ అంటారు. అది సగమే నిజం. నేను చాలాకాలంగా చూస్తున్నది ఏమిటంటే, సందేహం చాలా రాయిస్తుంది కూడా. ఒక్కసారి చెప్పిన సంగతిని రెండోసారి చెప్పిస్తుంది. పాఠకుడికి అర్థం కాదేమోనని కథ చివర వివరణ చేర్పిస్తుంది. ఏడ్చిన మనిషిని మళ్లీ ఏడిపిస్తుంది. ‘అన్నాడు’ అంటే సరిపోయే చోట ‘గద్గద స్వరంతో పలికాడు’ అనిపిస్తుంది. పొద్దున మీకు సిగ్గు కలిగిస్తున్న వాక్యాల్లో ఎక్కువ భాగం ఆ సందేహం రాత్రి మీ చేత రాయించినవే అయి ఉంటాయి. అందుకే భాష మీద శ్రద్ధ పెట్టేకొద్దీ సిగ్గు పెరుగుతోంది. మీ చెవి సరిగ్గానే పనిచేస్తోంది. కాకపోతే రెండు వాక్యాల తప్పుకు పన్నెండు పేజీలకు శిక్ష వేశారు.

ఇక ‘రోజూ మాట్లాడుకునే మాటలు’ అన్న ఆక్షేపణ గురించి. మీది శ్రీకాకుళం జిల్లా కాబట్టి దీన్ని అంత తేలిగ్గా వదలలేను. ఈ ఆక్షేపణకు నూరేళ్లు దాటాయి. దానికి జవాబు చెప్పినవారిలో ముఖ్యులిద్దరూ మీ వైపు వారే. గిడుగు రామమూర్తి 1863లో మీ శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేశారు. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో పరీక్షకు రాయాల్సిన తెలుగు ఇంకొకటి కావడమేమిటని పట్టుబట్టి, జీవితంలో ఎక్కువ భాగం ఆ వాదానికే ధారపోశారు. విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావు 1914లో ఇదే విషయం మీద మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు. రోజూ మాట్లాడే మాటల్లో సాహిత్యం ఉండదని ఆనాటి పండితులు నిజంగానే నమ్మారు. ఆ నమ్మకం మీద పెద్ద పోరాటమే జరిగింది. గిడుగు పుట్టినరోజైన ఆగస్టు 29న మీ బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. పిల్లల చేత పద్యాలు చెప్పిస్తారు. ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్లి ‘కనుకొలకులలో అనాది శోకసాగరం’ అని రాసుకోవలసిన అగత్యం మీకు ఏమీ లేదు.

అంటే సంస్కృత పదాలు వాడితే తప్పనీ కాదు, అచ్చ తెలుగు మాటైతే చాలనీ కాదు. ‘కొలబద్ద’ మంచి మాటే, అది అచ్చ తెలుగు మాట కూడా. మీ కథలో బట్ట కొలిచే సన్నివేశం ఉంటే అది అక్కడ చక్కగా ఇమిడేది. ఒక మాట మీ కథలో మనిషి నోటికో, చేతికో అంది ఉండాలి. పైనుంచి తెచ్చి పెడితే అది అలాగే పరాయిగా ఉండిపోతుంది.

మంచి కథలు చదివితే దిగులు కలుగుతోందన్నారు. ఇది నాకు బాగా తెలిసిన దిగులు. చదివిన కథ అచ్చులో ఉంటుంది, మీది నోటుపుస్తకంలో కొట్టివేతలతో ఉంటుంది. ఆ రచయిత ఎన్నిసార్లు తిరగరాశారో అచ్చు పేజీ చెప్పదు. మీ మొదటి ప్రతిని ఇంకొకరి ఆఖరి ప్రతి పక్కన పెట్టి చూస్తున్నారు. గురజాడ గారి సంగతే చూడండి. 1892లో విజయనగరంలో ప్రదర్శన జరిగిన నాటకం 1897లో పుస్తకంగా వచ్చింది. దాన్ని జనం చూశారు, మెచ్చుకున్నారు. అంతటితో వదిలేసినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. 1909లో రెండో కూర్పు వచ్చింది. పేరు అదే కన్యాశుల్కం గానీ, చేతిలోకి తీసుకుంటే దాదాపు కొత్త నాటకం. మొదటి కూర్పులో చిన్న పాత్రగా ఉన్న మధురవాణి రెండోదానిలో నాటకాన్నంతా నడిపించే మనిషి అయింది. ఇప్పుడు మనం ఆడేదీ, చదివేదీ, మాటలు కంఠస్థం చేసుకున్నదీ ఆ రెండోదాన్నే. రెండు అచ్చుల మధ్య పన్నెండేళ్లు గడిచాయి. మధురవాణిని చదివి ‘నేను ఇలా రాయలేను’ అని మీరు దిగులుపడితే, 1897 నాటి గురజాడ కూడా అలా రాయలేదని గుర్తుంచుకోండి. మొదటి కూర్పు ఆయన చింపేయలేదు. చింపి ఉంటే రెండోదానికి పునాది దేనిమీద వేసేవారు?

ఆ మరుసటి ఏడాది, 1910లో, ఆయన రాసిన కథ పేరు దిద్దుబాటు. కథలో దిద్దుబాటు జరిగేది ఒక భర్తకు. అయినా ఆ పేరు చూసినప్పుడల్లా నాకు వేరే ఆలోచన వస్తుంది. ‘దిద్దడం’ అన్న మాటకు మనకు రెండు అర్థాలున్నాయి. పిల్లవాడు పలక మీద పంతులమ్మ రాసిన ‘అ’ మీద బలపంతో మళ్లీ మళ్లీ రాయడమూ దిద్దడమే. తప్పు రాసినదాన్ని సరిచేయడమూ దిద్దడమే. రాత నేర్చుకోవడానికీ, తప్పు సరిచేసుకోవడానికీ తెలుగువాళ్లకు ఒకే క్రియ ఉంది. ఇది మీకు కొత్తగా చెప్పనక్కరలేదు, ఏటా జూన్‌లో మీ ఎదుటే జరుగుతుంది. ఒకటో తరగతి పిల్లవాడి ‘ఆ’ పలక దాటి పోతుంది, ‘ఈ’ పక్కకు పడుకుంటుంది. మీరు వాడి వేలు పట్టుకుని ఇంకోసారి దిద్దిస్తారు. పలక పగలగొట్టరు. వీడికి అక్షరాలు రాసే అర్హత ఉందా అని వాళ్ల నాన్నను పిలిచి అడగరు. పగలంతా నలభై ఒక్కమంది దగ్గర చూపించే ఓపికలో కొంచెం రాత్రి మీ కోసం మిగుల్చుకోండి.

రాత్రి రాసింది పొద్దున చదివితే సిగ్గేస్తోందన్నారు కదా. సంగీతం నేర్చుకునేవాళ్లను గమనించండి. మొదటి ఆరు నెలలు హాయిగా గొంతెత్తి పాడతారు. తర్వాత ఒకరోజు శ్రుతి చెవికి పట్టుబడుతుంది. అప్పటినుంచి తమ గొంతు తమకే వినబుద్ధి కాదు. పాట చెడిపోయిందనుకుని ఆ దశలోనే చాలామంది మానేస్తారు. నిజానికి అప్పుడు చెవి ముందుకు వెళ్లింది, గొంతు ఇంకా వెనక ఉంది. నాలుగేళ్ల క్రితం అచ్చయిన మీ రెండు కథలు రాసేటప్పుడు మీకు ఇంత సిగ్గు ఉండి ఉండదు. ఆ రెండింటినీ ఒకసారి తీసి చదవండి. అప్పుడు కనిపించని తప్పులు ఇప్పుడు కనిపిస్తాయి. ఈ నాలుగేళ్లలో మీరు నేర్చుకున్నది వాటిలో తెలుస్తుంది.

ఈ అనుమానం ఎందుకు పోదని అడిగారు. పోదమ్మా. పేరు వస్తే పోతుందనీ, పుస్తకం వేస్తే పోతుందనీ మీకు చెబితే అబద్ధం చెప్పినవాణ్ణి అవుతాను. అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ 1938లో తన పెద్ద నవల రాస్తూ పక్కన ఒక దినచర్య పుస్తకం పెట్టుకున్నాడు. తాను అసలు రచయితనే కాననీ, తనను తానూ ఇతరులనూ మోసగిస్తున్నాననీ అందులో రాసుకున్నాడు. అప్పటికే అతనికి పేరు ఉంది, పుస్తకాలు అమ్ముడవుతున్నాయి. ఆ నవల 1939లో వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి తెచ్చింది. 1962లో అతనికి నోబెల్ వచ్చింది. అతను రోజూ చేసిన పని నాకు ఇంకా ముఖ్యం. ముందు ఆ దిగులునంతా దినచర్యలో రాసేవాడు. తర్వాత నవల కాగితం తీసుకుని ఆ రోజు రాయాలనుకున్నంత రాసేవాడు. దిగులుకు ఒక పుస్తకం, పనికి ఒక పుస్తకం. దిగులును నవలలోకి రానివ్వలేదు, తలుపు బయట నిలబెట్టనూ లేదు. దానికో చోటు చూపించాడు. మీరూ ఒక చిన్న నోటుపుస్తకం కొనుక్కోండి. కథ మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు అందులో మీ భయాలన్నీ రాయండి. మూసేయండి. తర్వాత గుడ్ల లెక్క దగ్గరికి రండి.

మన పోతన గారి గురించి జనం చెప్పుకునే కథ కూడా గుర్తు చేసుకోండి. గజేంద్రమోక్షంలో వైకుంఠం వర్ణించే పద్యం దగ్గర కలం సాగక లేచి వెళ్లారనీ, ఆయన వచ్చేలోపు రాముడే ఆయన రూపంలో వచ్చి పద్యం పూర్తి చేశాడనీ అంటారు. జరిగిందా లేదా అన్నది అటుంచండి. తెలుగువాళ్లు తాము అందరికంటే ఎక్కువగా ప్రేమించిన కవి గురించి ఇలాంటి కథ అల్లుకున్నారు. ఆయన ఆగిపోయాడని చెప్పుకోవడానికి వాళ్లు సిగ్గుపడలేదు.

ఇప్పుడు చేతికి పనికొచ్చే సంగతులు కొన్ని. రాసే రాత్రి దిద్దకండి, దిద్దే రోజు కొత్తగా రాయకండి. పిల్లవాడు రాస్తుండగా భుజం మీదుగా ఎర్ర కలం పట్టుకుని నిలబడితే వాడి చెయ్యి వణుకుతుందని మీకు తెలుసు. మొదటి ప్రతి పూర్తయ్యాక కనీసం రెండు వారాలు చూడకండి. మర్నాడు పొద్దునే చదవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు, ఎందుకంటే అప్పటికి రాత్రి మీరు రాయాలనుకున్నది ఇంకా తలలో ఉంటుంది. కాగితం మీద ఉన్నదాన్ని దానితో పోల్చి బాధపడతారు. రెండు వారాలకు తలలోది కరిగిపోతుంది, కాగితం మీదిదే మిగులుతుంది. అప్పుడు పైకి చదవండి, గట్టిగా, పిల్లలకు పాఠం చదివినట్టు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘చేస్తూ, చూస్తూ, అనుకుంటూ, లేచి, వచ్చి’ అని సాగదీస్తే, ఆ క్రియ వచ్చేదాకా పాఠకుడు బరువంతా మోస్తూ నడవాలి. మీకు ఊపిరి అందని చోట అతనికీ అందదు. అక్కడ గీత గీయండి. ‘నేను పనికిరాను’ అని మార్జినులో రాయకండి, ‘ఈ వాక్యం పొడుగైంది’ అని రాయండి. మొదటిదానికి మందు లేదు, రెండోదానికి ఒక నిమిషం చాలు.

న, ణ దగ్గర, ల, ళ దగ్గర అనుమానం వస్తే నిఘంటువు చూసి ముందుకు సాగండి. అది రచయితగా మీ విలువకు సంబంధించిన సంగతి కాదు.

మీవారి సంగతి. ఆయన బాగుందనడం ప్రేమ. దాన్ని ప్రేమగానే తీసుకోండి, తీర్పుగా తీసుకోకండి. ఆయన చేత ఇంకో పని చేయించుకోవచ్చు. కథ చదవమని ఇచ్చి, మర్నాడు భోజనం దగ్గర ‘ఆ కథ ఏమిటో మళ్లీ చెప్పండి’ అనండి. ఎలా ఉందని అడగకండి. ఆయన గుడ్డు సంగతి చెప్పి, శోకసాగరం చెప్పకపోతే మీకు జవాబు దొరికినట్టే. చదివేవాళ్లు దేన్ని మర్చిపోయారో, ఎక్కడ తప్పుగా గుర్తుంచుకున్నారో, ఎవరి గురించి మళ్లీ అడిగారో గమనించండి. ఈ పనికి సాహిత్యం తెలిసినవాళ్లు అక్కరలేదు. కథ వినే అలవాటున్న ఎవరైనా చాలు. తోటి ఉపాధ్యాయుడి మీద కోపం పెట్టుకోకండి. ఆయన ఏ భాషను సాహిత్యమని నేర్చుకున్నారో ఆ కొలతతోనే కొలిచారు. కథ పూర్తయ్యాక ఆయనకే మళ్లీ ఇవ్వండి, చివరి రెండు వాక్యాలు లేకుండా.

జవాబు రాని మూడు కథల గురించి ఒక మాట. నేను ఒక వారపత్రికలో కథల విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. వారానికి ఒకటి రెండు కథలకే చోటు ఉండేది. బల్ల మీద మాత్రం కట్టలు పేరుకుపోయేవి. మంచి కథలను కూడా నేను పక్కన పెట్టాను. ఒకటి ఐదు పేజీలు ఎక్కువైనందుకు, ఒకటి ముందు వారమే వృద్ధాశ్రమం మీద కథ వేసుకున్నందుకు, ఒకటి పండుగ సంచిక తర్వాత చూద్దామని పెట్టి మర్చిపోయినందుకు. ఆ మర్చిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. జవాబు రానంత మాత్రాన కథ బాగా లేదని తీర్పు వచ్చినట్టు కాదు. మూడు నెలలు చూసి, ఇంకోసారి చదివి, దిద్దాల్సింది దిద్ది వేరేచోటికి పంపండి.

ఇక చింపేయడం గురించి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే.

మా నాన్న ఒక చిన్న ముద్రణాలయంలో సీసపు అక్షరాలు కూర్చేవారు. ఎదురుగా వందల గళ్లున్న చెక్క కేసు, ఎడమచేతిలో అక్షరాలు పేర్చే ఇనుప పట్టీ, కుడిచెయ్యి చూడకుండానే గళ్లలోకి వెళ్లి అక్షరం తెచ్చేది. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తులు ఇంకోచోట. ఆయన వాక్యాన్ని తలకిందులుగా, వెనకనుంచి ముందుకు చదవగలిగేవారు. సాయంత్రం ఇంటికి వచ్చి కిరోసిన్‌తో చేతులు కడుక్కునేవారు. 1987లో నేను ఆయన మీద ఒక కథ రాశాను. అందులో ఒకచోట ఒత్తుల గురించి ఆయన నాతో అన్న మాట ఒకటి పెట్టాను. కథ నాకు నచ్చలేదు. చివర బాగా లేదు, మధ్యలో ఉపన్యాసం ఉంది. మీలాగే చింపి పొయ్యిలో పెట్టాను. పదేళ్ల తర్వాత నాన్న పోయారు. ఆ మాట ఏమిటో నాకు ఇప్పుడు గుర్తు లేదు. ‘ఒత్తు కిందే ఉంటుంది గానీ...’ అన్నంతవరకు గుర్తుంది. ఆ తర్వాతి సగం రావడం లేదు. ఆ కథను దిద్దుకుని ఉండవచ్చు, లేదంటే ముప్పై ఏళ్లు పెట్టెలో పడేసి ఉండవచ్చు. ఆ ఒక్క మాట కోసం ఆ చెడ్డ కథంతా దాచుకోవలసింది.

కాబట్టి చింపకండి. నచ్చనిదాన్ని ఒక అట్టపెట్టెలో వేసి మంచం కింద పెట్టండి. మీకు నచ్చని పేజీలో కూడా ఇంకెక్కడా లేని ఒక సంగతి ఉండవచ్చు.

చివరికి మీ ప్రశ్న దగ్గరికి వచ్చాను. రాసే అర్హత ఉందా? ఒక పేజీ చూసి మీరు గొప్ప రచయిత్రి అవుతారని నేను చెప్పను, కారని కూడా చెప్పను. అది ఎవరికీ తెలిసే సంగతి కాదు. మానేయమని సూటిగా చెప్పేవారి కోసం వెతుకుతున్నారని మీ ఉత్తరంలో ఉంది. నేను ఆ పని చేయను. మీ ప్రశ్నకు నేను చెప్పగలిగింది ఒక్కటే. నలభై రెండు గుడ్లను, నలభై ఒక్కమంది పిల్లలను చూసిన మనిషి మీరు. ఆ వంటమ్మను పక్కనుండి చూసినవాళ్లలో ఆ లెక్క కాగితం మీద పెట్టినది మీరొక్కరే. నేను ఆ బడిలో లేను, గురజాడ లేరు, మీ దిగులుకు కారణమైన ఆ మంచి కథల రచయితలెవరూ అక్కడ లేరు. ఆ పని మీ దగ్గరే ఆగి ఉంది.

మీ పేజీని ఈ జవాబుతో పాటు తపాలాలో తిరిగి పంపుతున్నాను. చివరి రెండు వాక్యాల మీద పెన్సిలుతో సన్నగా గీత గీశాను, నచ్చకపోతే తుడిపేయండి. మిగతా పదకొండు పేజీలూ గుర్తున్నంతవరకు మళ్లీ రాయండి. ఈసారి కొన్ని వేరేగా వస్తాయి, రానివ్వండి. పూర్తయ్యాక నాకు పంపండి. ఆ రోజు ఆవిడ ఆ గుడ్డు ఎవరికి దాచిందో నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను.